పూచీ లేనివాళ్లకు బాడుగ ఇల్లు: తిరుపతిలో ఏది పనికొస్తుంది, ఏది ముంచుతుంది

తిరుపతిలో బాడుగ ఇంటి కోసం గేటు తట్టిన మనిషిని ఓనరు మొదట అడిగేది జీతం గురించి కాదు. "మీదే ఊరు? ఇక్కడ మీకెవరు తెలుసు?" అని. బ్యాంకు అప్పుకు అడిగినట్టు జామీను సంతకాలు ఎవరూ అడగరు. ఊళ్లో స్థిరపడిన బంధువో, పనిచేసే చోట పెద్దమనిషో "మావాడే, నేను చూసుకుంటా" అని ఒక్క మాట చెబితే తాళాలు చేతికొస్తాయి. ఆ మాట చెప్పే మనిషి లేనివాళ్లకే చిక్కంతా. పీలేరు, మదనపల్లె, పలమనేరు వైపు నుంచో, కడప, నెల్లూరు జిల్లాల నుంచో వచ్చి హోటళ్లలో, ఆస్పత్రుల్లో, కొండ మీద కాంట్రాక్టు పనుల్లో, రేణిగుంట ఫ్యాక్టరీల్లో పన్నెండు, పదిహేను వేలకు కుదిరినవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి.

ఓనరు పూచీ అడిగేది మూడు భయాల వల్ల. బాడుగ ఆగిపోతుందేమోనని, ఖాళీ చేయమంటే చేయరేమోనని, ఇంటికి పోలీసులో గొడవలో వస్తాయేమోనని. ఈ మూడింటికీ విడివిడిగా జవాబు చూపించగలిగితే పూచీదారు లేకపోయినా ఇల్లు దొరుకుతుంది. మూడింటికీ కలిపి ఎక్కువ అడ్వాన్సే మందు అనుకుంటే మాత్రం ఇల్లు దొరికినా నెత్తిమీద అప్పు మిగులుతుంది. తక్కువ జీతం ఉన్న కుటుంబాలు దెబ్బతినేది ఎక్కువగా ఈ రెండో దారిలోనే.

ఇల్లు చూడటానికి పోయేముందు

జీతం కాగితం లేదని చాలామంది ఖాళీ చేతులతో పోతారు. కాంట్రాక్టు ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లకు స్లిప్పు ఇవ్వకపోయినా పీఎఫ్ కోత ఉంటే యూఏఎన్ అనే పీఎఫ్ సభ్యుల నంబరుతో పాస్‌బుక్ వస్తుంది. అందులో ఏ నెల ఎంత జమైందో, ఏ సంస్థ కట్టిందో ఉంటుంది. వరసగా పన్నెండు నెలల జమలు కనిపించే ఆ రెండు పేజీలు స్లిప్పు కంటే గట్టి రుజువు, ఎందుకంటే దాన్ని ఇంట్లో కూర్చుని అచ్చు వేయించడం అంత సులువు కాదు. ఈఎస్ఐ కార్డు కూడా అంతే. ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో వంట చేసేవాళ్లు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోవచ్చు. డ్వాక్రా సంఘంలో ఉన్న మహిళలకైతే సంఘం పాస్‌బుక్కులో అప్పు కంతులు తేదీ తప్పకుండా కట్టిన వరస ఉంటుంది. నెలనెలా డబ్బు కట్టే అలవాటుకు అది చాలా మంచి సాక్ష్యం. ఆ పుస్తకం తీసి చూపించాలన్న ఆలోచనే చాలామందికి రాదు.

పాత ఇంటి ఓనరు ఫోన్ నంబరు, అక్కడ బాడుగ కట్టిన ఫోన్‌పే చరిత్ర వీటన్నింటికంటే ఇంకా బలమైనవి. అందుకే ఇప్పుడుంటున్న ఇంటి బాడుగ నగదుగా ఇస్తున్నవాళ్లు ఈ నెల నుంచే ఖాతా నుంచి పంపడం మొదలుపెట్టాలి. పంపేటప్పుడు "జూన్ బాడుగ" అని రాయాలి. ఓనరు నగదే కావాలంటే చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టించుకోవాలి. ఏడాది తర్వాత ఇంకో ఇంటికి మారేటప్పుడు అదే పూచీ.

పోలీసు భయానికి మందు సులువు. "మా వివరాలు స్టేషన్లో ఇవ్వండి సార్, మాకేం అభ్యంతరం లేదు" అని బాడుగకొచ్చేవాళ్లే ముందుగా అనడం. యాత్రికుల ఊరు కాబట్టి ఇక్కడ కొత్తవాళ్ల వివరాలు పోలీసులు అడగడం మామూలే. మాట వాళ్ల నోటి నుంచే వస్తే ఓనరుకు సగం అనుమానం తీరుతుంది.

ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "బాడుగ ఇంటి కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయాలి. ఒరిజినల్ ఆధార్, రైస్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. పూచీదారు లేరు కాబట్టి ఖాళీ ప్రోనోటు మీదో, అంకె వేయని చెక్కు మీదో సంతకం పెట్టమని అడిగే ఓనర్లు కొందరుంటారు. ఎంత మంచి ఇల్లైనా అక్కడి నుంచి వచ్చేయడమే మేలు. ఖాళీ ప్రోనోటు మీద తర్వాత ఏ అంకె వేసినా, ఆ అంకె తాను వేయలేదని నిరూపించుకునే భారం సంతకం పెట్టినవాళ్ల మీదే పడుతుంది. నాలుగు వేల బాడుగకు నాలుగు లక్షల కేసు నెత్తిన పెట్టుకున్నట్టే.

పూచీ ఇవ్వడానికి బంధువులు జంకడంలో తప్పులేదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట రాసుకోకపోతే, బాకీదారుకు ఎంత బాధ్యతో పూచీదారుకూ అంతే. ఆ "వేరే మాట" రాసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. "మూడు నెలల బాడుగ మొత్తానికి మాత్రమే, పదకొండు నెలల వరకే" అని హద్దు పెట్టి పూచీ రాయొచ్చు. ఆరు వేల బాడుగ ఇంటికి పద్దెనిమిది వేల హద్దుతో అడిగితే ఒప్పుకునే మేనమామలు, షిఫ్టు సూపర్‌వైజర్లు దొరుకుతారు. అంతులేని పూచీ అడిగితే వాళ్లే తప్పించుకు తిరుగుతారు.

అడ్వాన్సును వడ్డీతో కలిపి చూడాలి

చెన్నై, బెంగళూరులో పది నెలల అడ్వాన్సు వాడుక. ఆ రెండు నగరాల మధ్య ఉన్న మన జిల్లాల్లో అడ్వాన్సుకు ఒక ఖాయమైన కొలత లేదు. ఒక వీధిలో రెండు నెలలంటారు, పక్క వీధిలో ఐదంటారు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసపు ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదని ఉంది. నమూనా కాబట్టి దానంతటది ఎవరినీ కట్టడి చేయదు, కానీ బేరంలో ఆ రెండు నెలల మాట ఎత్తడానికి అది మంచి ఆధారం.

ఒక లెక్క వేసి చూద్దాం. బాడుగ 6,000, అడ్వాన్సు ఐదు నెలలు, అంటే 30,000. చేతిలో లేదు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 900 వడ్డీ. ఇల్లు ఆరు వేలది కాదు, ఆరువేల తొమ్మిది వందలది. ఏడాదికి 10,800 వడ్డీకే పోతుంది. అంటే దాదాపు రెండు నెలల బాడుగ.

ఇప్పుడు ఓనరుతో ఇలా మాట్లాడొచ్చు: "బాడుగ 300 ఎక్కువ ఇస్తాం, 6,300. అడ్వాన్సు రెండు నెలలు చేయండి." అప్పుడు అడ్వాన్సు 12,600. మిగిలిన 17,400 అప్పు తేనక్కర్లేదు, మూడు రూపాయల లెక్కన దాని వడ్డీ 522. మూడొందలు ఎక్కువిచ్చినా 222 మిగిలినట్టే. అదే 17,400 బంగారం మీద ఏడాదికి పది శాతానికి బ్యాంకులో దొరికితే నెల వడ్డీ 145 మాత్రమే, అప్పుడు బాడుగ పెంచుకోవడం నష్టం. ఈ లెక్కలో హద్దు నూటికి సుమారు రూపాయి డెబ్బై పైసల దగ్గర ఉంది. అంతకంటే ఎక్కువ వడ్డీ అయితే బాడుగ పెంచి అడ్వాన్సు తగ్గించుకోవాలి, తక్కువ వడ్డీ అయితే అడ్వాన్సే ఇవ్వాలి. ఇల్లు ఖాళీగా ఉంచుకోలేని ఓనర్లకు నెలనెలా వచ్చే మూడొందలు ఇష్టమే.

ఇంకో దారి, కంతులు. లోపలికి వచ్చేటప్పుడు రెండు నెలలు, తర్వాత ఆరు నెలలపాటు బాడుగతో కలిపి వెయ్యి చొప్పున, ఆరో నెలకు మూడు నెలల అడ్వాన్సు పూర్తి. ఇది నోటిమాటగా ఉండకూడదు. ఏ నెల వెయ్యి అడ్వాన్సులోకి పోయిందో రాయకపోతే ఖాళీ చేసే రోజున అదంతా "బాడుగే" అయిపోతుంది.

భోగ్యం దగ్గర ఆగి ఆలోచించాలి

నెలనెలా బాడుగ బాధ లేదు, రెండో మూడో లక్షలు ఒక్కసారి ఇస్తే ఉన్నన్నాళ్లు ఉండి, పోయేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. చిత్తూరు, తిరుపతి వైపు దీన్ని భోగ్యం అంటారు, లీజు అని కూడా అంటారు. పూచీ అడగరు. జీతం కాగితాలు అడగరు. అందుకే పూచీ లేనివాళ్లను ఇది బాగా ఆకర్షిస్తుంది. వాళ్లకే ఇది అన్నింటికంటే ప్రమాదం.

ముందు లాభం సంగతి. మూడు లక్షల భోగ్యం, ఆ ఇంటికి బయట బాడుగ 6,000 అనుకుందాం. డబ్బు సొంతమై, ఏడు శాతానికి బ్యాంకులో ఉన్నదైతే నెలకు 1,750 వడ్డీ వదులుకుని 6,000 బాడుగ తప్పించుకున్నట్టు, నెలకు 4,250 లాభం. అదే మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,000 వడ్డీయే అవుతుంది. పైసా లాభం లేదు, పైగా అసలు ఇంకొకరి చేతిలో ఉంది. అప్పు తెచ్చి భోగ్యానికి పోవడం ఏ లెక్కలోనూ కుదరదు.

డబ్బు సొంతదే అయినా ఓనరు అప్పుల్లో ఉండి ఇవ్వలేకపోతే? భోగ్యానికి ఇచ్చేవాళ్లలో ఒక్కసారి పెద్దమొత్తం అవసరమైనవాళ్లే ఎక్కువ. ఆ అవసరం కూతురి పెళ్లి కావచ్చు, బ్యాంకు కంతులు కావచ్చు. ఇల్లు ముందే బ్యాంకులో తాకట్టులో ఉంటే, కంతులు ఆగినప్పుడు బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. నోటీసు గోడకు అతికించిన రోజుదాకా లోపల కాపురమున్నవాళ్లకు విషయమే తెలియదు. డబ్బు తీసుకుని ఇల్లు అనుభవించడానికి ఇచ్చే ఈ ఏర్పాటు ఆస్తి బదిలీ చట్టం చెప్పే స్వాధీన తాకట్టుకు చాలా దగ్గరగా ఉంటుంది. అసలు మొత్తం వంద రూపాయలో, ఆపైనో ఉన్న అలాంటి తాకట్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "పదకొండు నెలల లీజు" అని రాసుకుని ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించుకుంటే బ్యాంకు ముందు అది నిలబడదు.

అయినా భోగ్యానికే పోవాలనుకుంటే, డబ్బు ఇచ్చే ముందు చేయాల్సినవి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఆ ఇంటి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించాలి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే, పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కొన్నిసార్లు అందులో కనిపించదు. అందుకని ఒరిజినల్ రిజిస్ట్రేషన్ పత్రం కళ్లతో చూడాలి. "లాకర్లో ఉంది", "మా అన్న దగ్గర ఉంది" అంటే అది బ్యాంకులో ఉందనే అనుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా (అసైన్డ్) భూమిలో, చెరువు పోరంబోకులో, మఠం భూమిలో కట్టిన ఇళ్లు తిరుపతి చుట్టూ తక్కువేం లేవు. నెల బాడుగకైతే వాటిలో ఉండొచ్చు, పోయినా అడ్వాన్సు వరకే పోతుంది. భోగ్యానికి మాత్రం వద్దు. అసైన్డ్ భూమిని తాకట్టుకు, లీజుకు ఇవ్వడం మీద 1977 చట్టం నుంచీ ఆంక్షలున్నాయి, అక్కడ రాసుకున్న కాగితానికి చట్టం అండ దొరకడం కష్టం. డబ్బు బ్యాంకు ఖాతా నుంచే పోవాలి. పత్రం సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టర్ కావాలి. ఖర్చవుతుందని ఓనరు వద్దంటే ఆ ఖర్చు సగం తామే పెట్టుకుంటామనాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే భోగ్యం మాట వదిలేసి నెల బాడుగ ఇల్లు చూసుకోవాలి.

ఎక్కడ, ఎప్పుడు, ఏం చూడాలి

బస్టాండు, రైల్వే స్టేషను, లీలామహల్ చుట్టుపక్కల గదులను యాత్రికులకు రోజు లెక్కన ఇచ్చుకుంటే ఓనరుకు ఎక్కువ మిగులుతుంది, అందుకే కుటుంబాలకు అక్కడ తక్కువలో దొరకడం కష్టం. అవిలాల, తుమ్మలగుంట, పేరూరు, మంగళం, కరకంబాడి రోడ్డు, తిరుచానూరు, ఇంకా దూరమైతే చంద్రగిరి, రేణిగుంట చూసుకోవాలి. దూరం పోతే బాడుగలో మిగిలింది బస్సుకు పోతుందన్న మాట మగవాళ్ల విషయంలో నిజం. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు కాబట్టి, ఇంట్లో సంపాదించేది మహిళ అయితే పదీ పన్నెండు కిలోమీటర్ల దూరం పెద్ద ఖర్చు కాదు. ఆఖరి బస్సు ఎన్నింటికో, రాత్రి షిఫ్టు దిగే టైముకు బస్సుందో లేదో మాత్రం ఒకసారి స్వయంగా ఎక్కి చూసుకోవాలి.

ఆషాఢంలో, మూఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. పాలు పొంగించడానికి మంచిరోజు లేదని అందరూ ఆగుతారు. ఓనరు ఇల్లు మాత్రం ఆ నెలంతా ఖాళీగా ఉంటుంది. పట్టింపు లేనివాళ్లకు బేరానికి ఇంతకంటే మంచి సమయం లేదు. పట్టింపు ఉన్నవాళ్లు కూడా ఆ నెలలోనే ఇల్లు మాట్లాడుకుని, టోకెన్ ఇచ్చి, శ్రావణం మొదట్లో దిగితే అడ్వాన్సు తగ్గించుకునే వీలుంటుంది. జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచే ముందు మాత్రం బేరం నడవదు.

వీధులు తిరిగి టు-లెట్ బోర్డులు చూడటమే చవక పద్ధతి. బ్రోకరైతే సాధారణంగా అర నెలో నెలో బాడుగ అడుగుతాడు, ఇల్లు కుదిరాకే ఇవ్వాలి. ఫోన్లో ఫొటోలు చూపించి, తాను మిలిటరీలో ఉన్నానని, గేట్ పాస్‌కో టోకెన్‌కో ముందు డబ్బు పంపమని అడిగితే అది మోసమే. పంపేసినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది.

ఇల్లు చూపించే మనిషి నిజంగా ఓనరేనా? కరెంటు బిల్లు మీద పేరు, ఇంటి పన్ను రసీదు మీద పేరు అడిగి చూడాలి. రెండు పేర్లూ వేరైతే ఎందుకో చెప్పించుకోవాలి. తాము బాడుగకు తీసుకున్న ఇంట్లో ఒక భాగాన్ని ఓనరుకు చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చేవాళ్లు ఉంటారు. అసలు ఓనరు వచ్చిన రోజు అడ్వాన్సూ ఇల్లూ రెండూ పోతాయి.

ఇంట్లోకి పోయాక గోడల రంగు కంటే గోడల అడుగు చూడాలి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా కాలనీలు మునిగాయి. కింది అంతస్తు గోడ మీద మోకాలెత్తున గీతలా ఉబ్బిన సున్నం, తలుపు చెక్క అడుగున నలుపు కనిపిస్తే నీళ్లు నిలిచిన ఇల్లని అర్థం. పక్కింటివాళ్లను "అప్పుడు నీళ్లు ఎందాక వచ్చాయి?" అని అడిగితే దాచకుండా చెబుతారు. నీళ్ల సంగతి సాయంత్రం పూట పోయి చూడాలి. కార్పొరేషన్ కుళాయి ఉందా, బోరు ఒక్కటేనా, ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి. రేకుల ఇల్లు బాడుగ తక్కువే, కానీ రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి మే నెల మధ్యాహ్నం అందులో నిద్రపోలేడు. రాత్రి పనివాళ్లు ఐదొందలు ఎక్కువైనా మిద్దె ఇల్లే చూసుకోవాలి.

ఇక కరెంటు మీటరు. బాడుగకున్నవాళ్లు తెలియకుండా ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. విడి మీటరు ఉందా, ఓనరు మీటరు నుంచి తీసిన సబ్ మీటరా అని మొదట అడగాలి. తిరుపతి కేంద్రంగా ఉన్న కరెంటు సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ బిల్లులో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం గృహ వాడకానికి మొదటి 30 యూనిట్లు రూ. 1.90, తర్వాతి 45 యూనిట్లు రూ. 3, ఆ తర్వాతి 50 యూనిట్లు రూ. 4.50, ఆపైన 225 దాకా రూ. 6 చొప్పున పడతాయి. నెలకు 90 యూనిట్లు వాడే ఇంటికి విడి మీటరుంటే యూనిట్ల ధర 259.50 అవుతుంది. ఫిక్స్‌డ్, ఇంధన సర్దుబాటు వంటి చార్జీలు దీనిమీద వేరు. అలాంటి రెండు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే మొత్తం 180 యూనిట్లు, ధర 747, కాపురానికి 373.50. పై స్లాబులోకి పోయినందుకే ఒక్కో ఇంటికి 114 ఎక్కువ. ఓనరు "యూనిట్ తొమ్మిది రూపాయలు" అని గుండుగుత్తగా తీసుకుంటే అదే 90 యూనిట్లకు 810. నెలకు ఐదొందల తేడా. బాడుగలో మూడొందలు తగ్గించారని సంబరపడి ఈ తేడా చూసుకోనివాళ్లు చాలామంది. సబ్ మీటరైతే "అసలు బిల్లు చూపించి, యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవాలి" అని అగ్రిమెంటులో రాయించుకోవాలి.

శాకాహారులకే అని, ఫలానా కులంవాళ్లకే అని, బ్యాచిలర్లకు ఇవ్వమని మొహమ్మీద చెప్పే ఇళ్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఇది అన్యాయం, ఆ మాట స్పష్టంగా అనాలి. అంటరానితనం కారణంగా ఒకరిని ఫలానా చోట నివాసం ఉండనీయకపోవడం 1955 పౌర హక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. రుజువు చేయడం కష్టం, ఎందుకంటే ఆ కారణాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు, "ఇంకొకరికి ఇచ్చేశాం" అంటారు. అలా అన్న ఇంటికి మళ్లీ పది రోజుల తర్వాత కూడా బోర్డు వేలాడుతుంటే దాన్ని తేదీతో ఫొటో తీసి ఉంచుకోవడం ఒక ఆధారం.

అగ్రిమెంటు

పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కేంద్ర పాఠంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి; ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ ఆ ఏడాది హద్దును తీసేసింది. "అగ్రిమెంటు ఎందుకండీ, నమ్మకం ఉంటే చాలు" అనే ఓనరు దగ్గర కూడా కనీసం ఒక పేజీ రాసుకోవాలి. పూచీ లేనివాళ్లకు ఖాళీ చేసే రోజున మాట సాయం చేసే మనిషి కూడా ఉండడు కాబట్టి ఆ పని కాగితమే చేయాలి. తెలుగులో రాసుకోవచ్చు, రాసుకోవాలి కూడా. టైపు సెంటర్లో దొరికే ఇంగ్లీషు నమూనాలో ఏముందో సంతకం పెట్టే ఇద్దరికీ తెలియని పరిస్థితి మంచిది కాదు.

డోర్ నంబరు, ఏ అంతస్తు, ఏ పోర్షను, బాడుగ ఎంత, ఏ తేదీలోపు అన్నవి ఎవరైనా రాస్తారు. వదిలేసేవి వేరే ఉన్నాయి. అడ్వాన్సు ఏ తేదీన, ఏ ఖాతా నుంచి వచ్చింది. ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు. అందులోంచి పట్టుకునేవి ఏవి: బాకీ బాడుగ, బాకీ కరెంటు, పగిలిన వస్తువులు, అంతే. "పెయింటింగ్‌కు ఒక నెల బాడుగ" అన్న వాడుక ఉంది. ఆరు నెలలకే ఖాళీ చేసినవాళ్ల దగ్గరా, నాలుగేళ్లున్నవాళ్ల దగ్గరా అదే కోత కోస్తారు. రెండేళ్లు దాటితే పెయింటింగ్ కోత ఉండదని రాయించుకోవడం న్యాయమైన బేరం. నోటీసు ఇద్దరికీ నెల రోజులు. ఏమీ రాసుకోకపోతే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ బాడుగకు పదిహేను రోజుల నోటీసు చాలు, పిల్లల బడి మధ్యలో పదిహేను రోజుల్లో ఇల్లు వెతుక్కోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. బాడుగ పెంపు ఎప్పుడు, ఎంత శాతం అన్నది కూడా ఉండాలి.

దిగే రోజు సామాను దించకముందే ఖాళీ ఇంటిని వీడియో తీయాలి. ప్రతి గది, ప్రతి కుళాయి తిప్పి, ప్రతి స్విచ్చు వేసి, సింకు కింద, బాత్రూమ్ తలుపు అడుగున, కిటికీ అద్దాలు, చివర్లో మీటరు రీడింగు. ఆ వీడియోను అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపి "వంటింటి కుళాయి కారుతోంది, పడకగది కిటికీ అద్దం పగిలి ఉంది" అని రాయాలి. ఓనరు జవాబు ఇవ్వకపోయినా తేదీతో సహా ఆ మెసేజీ ఉంటుంది. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, బాడుగకున్నవాళ్లే చేయించి ఖర్చును బాడుగలో తగ్గించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. అయితే ముందు రాతపూర్వకంగా చెప్పాలి, బిల్లు దాచాలి. చెప్పకుండా కోసుకుంటే అది బాకీ కింద లెక్కవుతుంది.

బాడుగ తప్పిన నెల, ఖాళీ చేసే నెల

కాంట్రాక్టు ఏజెన్సీ జీతం పదో తారీఖుకో పదిహేనుకో వేసినప్పుడు బాడుగ ఐదో తారీఖుకి కట్టలేకపోవడం మామూలు. దీనికి మందు దిగేటప్పుడే ఉంది: జీతం పడే తేదీ అడిగి తెలుసుకుని, బాడుగ గడువును దానికి ఐదు రోజుల తర్వాత పెట్టించుకోవడం. ఆలస్యమయ్యే నెలలో గడువుకు ముందే మెసేజీ పెట్టి, ఉన్నంతలో సగమైనా పంపితే ఓనరు ఆగుతాడు. ఫోన్ ఎత్తకపోతే మాత్రం మొదటి భయం నిజమైందనుకుంటాడు.

ఖాళీ చేసే ముందు రెండు నెలలు బాడుగ ఆపి "అడ్వాన్సులో పట్టుకోండి" అనడం చాలామంది చేసేదే. ఓనరు మెసేజీలో ఒప్పుకుంటే అది తెలివైన పనే, అడ్వాన్సు కోసం వెంటపడక్కర్లేదు. ఒప్పుకోకపోతే తగాదా అవుతుంది, పైగా తర్వాతి ఇంటికి మంచిమాట చెప్పాల్సిన ఓనరు ఇతనే.

ఓనరు కరెంటు తీసేసినా, తాళం వేసినా కోర్టు ఉత్తర్వు లేకుండా అలా బయటికి పంపే హక్కు ఆయనకు లేదు. ఆ పూటకు 112కి ఫోన్ చేయాలి. స్టేషన్లో "సివిల్ మేటర్" అంటే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, బయటికి పంపిన ఆరు నెలల్లోపు స్వాధీనం తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది ప్రశ్న కాదు, ఎవరు కాపురమున్నారన్నదే ప్రశ్న. గ్యాస్ బిల్లు, బాడుగ పంపిన రికార్డు, పిల్లల బడి చిరునామా అప్పుడు సాక్ష్యాలవుతాయి.

అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే మొదట మొత్తం, తేదీలు, పదిహేను రోజుల గడువు రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులోనే కలిసింది. ఆ గడువూ దాటితే లాయరు కంటే ముందు కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి పోవాలి. దావా వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడించి, లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే పద్ధతి అక్కడ ఉంది, కోర్టు ఫీజు ఉండదు. ఆ రాజీపత్రానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరును ఇస్తారు, మిగిలినవాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. 15100కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. డబ్బు వసూలు దావాకు గడువు మూడేళ్లు. అర్జీ ఇంట్లో మహిళ పేరు మీద పెట్టాలంటే అగ్రిమెంటులో ఆమె పేరు మొదటి నుంచీ ఉండాలి, కాబట్టి దిగే రోజునే భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించుకోవడం మంచిది.